బిల్హాలో ఒక ట్రంకుపెట్టె

బిలాస్‌పూర్ నుంచి రాయపూర్ పోయే ప్రధాన రైలుమార్గంలో దాధాపారా, చకర్‌భఠా దాటిన తరువాత బిల్హా వస్తుంది. ఎక్స్‌ప్రెస్ బండ్లలో పోయేవారు బోర్డు చదివేలోగా ఊరు వెనుకబడిపోతుంది. కిందటి మాసంలో ఛత్తీస్‌గఢ్ రాజకీయాల పరిశీలనకు బిలాస్‌పూర్ వెళ్ళిన నాకు అక్కడ దిగవలసిన అవసరమేమీ లేదు. అయితే ఆ ఊళ్ళో స్థిరపడిన ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి, తెలుగు పత్రిక మనిషి వచ్చాడని విని కబురు పంపాడు. వెళ్ళాను.

డెబ్బై అయిదు దాటిన మనిషి. తండ్రి శ్రీకాకుళం ప్రాంతం నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరి ఈ దారిన వచ్చాడు. కొడుకు ఇక్కడే పుట్టి, ఇక్కడే ఉద్యోగం చేసి, ఇక్కడే ఉండిపోయాడు. కుశలప్రశ్నలు ముగియగానే మంచం కింది నుంచి ఒక ట్రంకుపెట్టె లాగాడు. తండ్రి జీతపు చీటీలు, యూనియన్ చందా రసీదులు, శ్రీరామనవమి పందిళ్ళ ఆహ్వానపత్రికలు, 1974 సమ్మెలో తనను తొలగించిన ఉత్తర్వు, 1977లో తిరిగి పనిలోకి తీసుకున్న ఉత్తర్వు, ఒక కిరాణా కొట్టు ఖాతా పుస్తకం, ఒక పాత ఫొటో.

"మా పిల్లలకి తెలుగు చదవడం రాదు బాబూ. నేను పోయాక ఇవన్నీ పాతకాగితాల కొట్టుకే. ఎవరికిమ్మంటారు?" అని అడిగాడు.

ఎన్నో ఏండ్లు పార్లమెంటు ప్రెస్ గ్యాలరీలో కూర్చున్న నాకు వెంటనే జవాబు తోచలేదు.

1974 మే 8 నుంచి 27 వరకు సాగిన ఆ సమ్మెను గురించి ఢిల్లీలో కాగితాలకు కరువు లేదు. ఉభయ సభల చర్చల సంపుటాలున్నాయి. శిక్షలకు గురైనవారిని తిరిగి తీసుకునే నిర్ణయం 1977లో జనతా ప్రభుత్వపు రైల్వే మంత్రి మధు దండవతే కాలంలో జరిగిందని ఎవరైనా చెప్పగలరు. సమ్మె నాటికి రాష్ట్రపతి భవనంలో ఉన్నది వరాహగిరి వేంకటగిరి. 1928లో ఇదే బి.ఎన్.ఆర్. కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించిన మనిషి! ఇంతటి వైచిత్రి కూడా గ్రంథస్థమై ఉంది. కాని ఆ మూడేండ్లు బిల్హాలో ఒక ఇల్లు ఎట్లా గడిచిందో ఏ సంపుటమూ చెప్పదు. అది హిందీలో రాసిన ఆ ఖాతా పుస్తకం చెబుతుంది. బియ్యం, పప్పు, కిరోసిను, బాకీ. మళ్ళీ బియ్యం, మళ్ళీ బాకీ. అప్పు పెట్టినవాడు తెలుగువాడు కాడు, రైల్వేవాడూ కాడు.

చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియంలో బి.ఎన్.ఆర్. వారి 815 నంబరు గారట్ ఇంజను ఉంది. ఇంజనుకు ఢిల్లీలో చోటు దొరికింది. దాని కింది పట్టాలు సరిచేసినవాని జీతపు చీటీకి బిల్హాలో దొరకలేదు.

చట్టమేమంటుందో చూద్దాం. 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులు కలకత్తా, మద్రాసు, బొంబాయి, ఢిల్లీలలోని నాలుగు గ్రంథాలయాలకు చేరాలి. 1956 సవరణతో పత్రికలూ చేరాయి. ట్రంకుపెట్టెలోని చీటీలకు ఆ చట్టంతో పని లేదు. మిగతా గ్రంథాలయాలు రాజ్యాంగంలోని రాష్ట్రాల జాబితాలో 12వ అంశం. సభలో ఈ ప్రస్తావన వస్తే కేంద్ర మంత్రులకు అది మంచి కవచం. 1972లో ఏర్పడిన రాజా రామమోహనరాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానం పుస్తకాలకు, భవనాలకు సాయపడుతుంది. ఊరి చరిత్రను మాత్రం ఊరి గ్రంథాలయమే పోగుచేయాలి. 2022లో సవరించిన యునెస్కో ప్రజా గ్రంథాలయ ప్రకటన కూడా స్థానిక వారసత్వ పరిరక్షణను గ్రంథాలయ విధులలో చేర్చింది.

తెలుగువారికి ఇది కొత్త పాఠం కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టినప్పుడు అది పుస్తకాల అలమర మాత్రమే కాదు, నలుగురూ కూడే చావడి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధులను సమావేశపరచినప్పుడూ, 1935లో పాతూరి నాగభూషణం కాలువల మీద పడవలో పుస్తకాలు తిప్పినప్పుడూ ఊహ అదే. 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలను భద్రపరచినందువల్లనే పరిశోధకులు దూరాల నుంచి ఆ చిన్న ఊరికి వస్తారు. మన రెండు రాష్ట్రాలలో ఆస్తిపన్ను రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కూడా ఉంది. పురపాలక సంఘాలు దానిని సకాలంలో జమకట్టవన్నది వేరే కథ. ఇప్పుడు ఆ పఠనమందిరాలు పోటీపరీక్షల అభ్యర్థులతో నిండి ఉంటాయి. వారిని తప్పుపట్టను, వారికి వేరే చోటెక్కడుంది? కాని నెలకొక సాయంత్రం, ఒక బల్ల, ఒక రిజిస్టరు వేసి, "మీ ఇంటి పాత కాగితాలు తెండి, చూసి, నకలు తీసి తిరిగి ఇస్తాం" అని చాటింపు వేయించడానికి ఏ ఆర్థికశాఖ అనుమతీ అక్కరలేదు. వలస వెళ్ళిన తెలుగువారి విషయంలో ఇది మరీ అవసరం. వారి కాగితాలు ఆ రాష్ట్రంవారు చదవలేరు, మన రాష్ట్రాలవారు అడగరు.

బిలాస్‌పూర్ స్టేషనులో రవీంద్రుని 'ఫాఁకి' కవితను ఫలకం మీద ప్రదర్శించారు. ఆ కవితలో భర్త, స్టేషను కూలీ భార్యకు సాయపడమన్న తన భార్యను మోసగిస్తాడు. భార్య పోయిన తరువాత పశ్చాత్తాపంతో తిరిగి వచ్చి వెదికితే ఆ కూలీ కుటుంబం ఎక్కడికి పోయిందో చెప్పగలవాడు లేడు. రైలు ఊళ్ళ సంగతి మహాకవికి బాగా తెలుసు.

పెట్టెలోని ఫొటోలో తొమ్మిదిమంది గ్యాంగు మనుషులు పట్టాల పక్కన నిలబడి ఉన్నారు. ఆయన తన తండ్రితో కలిపి అయిదుగురి పేర్లు చెప్పాడు. వెనుక పెన్సిలుతో తెలుగులోనూ, హిందీలోనూ రాశాను. మిగిలిన నలుగురినీ పోల్చగలవాడు భాటాపారాలో ఒకడున్నాడట. ఆయనకు చూపు మందగించిందట. వచ్చే ఆదివారం ఫొటో తీసుకుని వెళతానన్నాడు.