పాతొక వింత

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు మన పెద్దలు. ఇల్లు అలంకరించి చూడు అని మాత్రం వారు అన్నట్లు లేదు. బహుశః ఆ మాట అనవలసిన అవసరం వారికి కలుగలేదేమో. గడపకు పసుపు, గుమ్మానికి మామిడాకు, గోడకు సున్నం, అరుగు అంచుకు జాజు, వాకిట ముగ్గు – వీటిని వారు అలంకారాలుగా భావించలేదు. దినదినమో, పండుగ పండుగకో చేసి తీరవలసిన ఇంటిపనులుగా భావించారు. అందము ఆ పనిలో దానంతట అదే వచ్చి కూర్చున్నది.

ఇప్పుడు కాలము మారినది. ‘కొత్తొక వింత, పాతొక రోత’ అన్న సామెత తలక్రిందులై, పాతయే వింత అయి కూర్చున్నది. అది ఎట్లు అయినదో చూడదలచినవారు హైదరాబాదుకు ఉత్తరంగా పోయే రెండు రాజమార్గాలలో ఏ ఒక్కదానిమీద ప్రయాణము చేసినా చాలు. ఒకటి మేడ్చల్ మీదుగా నిర్మల్ దాటి నాగపూరుకు పోతుంది. రెండవది శామీర్‌పేట చెరువు ప్రక్కనుండి సిద్దిపేట, కరీంనగరాలకు పోతుంది. ఒకప్పుడు ఈ దారుల కిరువైపుల వరిమళ్ళు, ద్రాక్షతోటలు ఉండేవి. 2016లో మేడ్చల్ పేరిట ఒక జిల్లాయే ఏర్పడినది. పొలాలు ప్లాట్లయినవి, ప్లాట్లలో తోట ఇళ్ళు లేచినవి. ఊళ్ళలోని పాత పెంకుటిళ్ళు కూలుతున్నవి. వాటి ఎముకలు వచ్చి ఈ కొత్త ఇళ్ళలో అలంకారాలవుతున్నవి.

అటువంటి తోట ఇంటికి ఒకసారి నన్ను పిలిచారు. గృహస్థు మంచివాడు, రసికుడు కూడ. రోటిలో నీళ్ళు పోసి కలువలు పెంచాడు. ఇసుర్రాయిని తోటబాటలో అడుగురాయిగా వేశాడు. ఎడ్లబండి చక్రము గోడ నెక్కినది. కందిలిలో విద్యుద్దీపము వెలుగుతున్నది. బల్లమీద ఇత్తడి పాత్ర ఒకటి, దానినిండ కలములు. ‘ఇది ఏ కాలపు పూలకుండీ, సారూ?’ అని అడిగాడాయన. అది తవ్వ. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని మా తరమువారు ఎక్కాలతోపాటు వల్లించిన మాట. 1956 నాటి చట్టము ననుసరించి మెట్రిక్ కొలతలు వచ్చి, క్రమంగా ఆ పాత్ర చేతిలోని పని పోయినది. ఎన్ని ఇండ్లకు గింజలు కొలిచి పోసినదో, ఎందరు కూలీల ముందు నిండుగానో వెలితిగానో నిలిచినదో! ఇప్పుడు కలములు మోస్తున్నది. ఆ సంగతి చెప్పితే గృహస్థు నిజంగానే సంతోషించాడు. ఇది చిన్న మాట కాదు. చెప్పేవారు లేకపోవడమే లోటు గాని, వినేవారు లేకపోలేదు.

అయితే అన్ని వస్తువులూ అంత తేలికగా చేతులు మారవు. మేడ్చల్ దాటిన ఒక పల్లెలో కూల్చుతున్న ఇంటి ముందు కొంతసేపు నిలబడవలసి వచ్చినది. టేకు దూలాలు, చెక్కడపు దర్వాజ, గూటి తలుపులు లారీ కెక్కుతున్నవి. చివరకు గడప కూడ ఎక్కినది. ప్రక్కన అరుగుమీద కూర్చున్న వృద్ధురాలు ఆ ఇంటి కోడలుగా వచ్చి, ముసలిదై, ఆ ఇంటినుండే బయటికి వచ్చిన మనిషి. గడప కూడ ఇచ్చివేశావా అమ్మా అని అడిగాను. ‘ఇల్లే పోతుంటే గడపేం జేస్తది సారూ? అడిగిండ్రు, ఇచ్చిన. పసుపు మాత్రం కడిగిచ్చిన’ అన్నది.

ఆ గడప ఈపాటికి ఎవరి ముందరింటిలోనో అద్దపు బల్లకు ఆధారమై ఉంటుంది. దానిని చూచి మెచ్చుకొనేవారికి ఆ పసుపు సంగతి తెలియదు.

ఇంతమాత్రాన పాతవస్తువులను సేకరించుట తప్పని నేననను. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతా వస్తువులను పోగుచేశాడు. ఆయన 1949లో మరణించగా, ఆయన నివసించిన దివాన్ దేవిడీలోనే 1951 డిసెంబరులో జవహర్‌లాల్ నెహ్రూ ఆ సేకరణను ప్రజలకై ప్రారంభించాడు. ఈనాడు మన పిల్లలు వరుసకట్టి చూచే సాలార్‌జంగ్ మ్యూజియము, చూడబోతే, ఒక గృహస్థు ఇంటి అలంకారమే కదా! భేద మొక్కటే. అక్కడ వస్తువు ప్రక్క అది ఎక్కడిదో తెలిపే చీటీ ఉంటుంది. ఎర్రగడ్డ ఆదివారపు సంతలోనో, జుమ్మెరాత్ బజారులోనో కొన్న చెంబుకు ఆ చీటీ ఉండదు. కొన్నవారు వ్రాయవలె. ఏ ఊరిది, ఏ పేరుది, ఏ పనిది అని మూడు మాటలు కాగితముపై వ్రాసి అడుగున అంటించడానికి ఎంతసేపు?

జపానులో యానగి సోయెట్సు అనే ఆలోచనాపరుడు పేరులేని పనివారు నిత్యోపయోగానికి చేసిన గిన్నెలలో, గుడ్డలలో ఉన్న అందాన్ని లోకానికి చూపదలచి, 1936లో టోక్యోలో వాటికొక మ్యూజియమునే నెలకొల్పాడు. మనకు అంతదూరము పోనవసరము లేదు. పైన చెప్పిన రెండు దారులే మనలను నేటికీ బ్రతికి ఉన్న పనివారి ముంగిళ్ళకు చేరుస్తవి. మేడ్చల్ దారిన సుమారు 200 కిలోమీటర్లు పోతే నిర్మల్. అక్కడి బొమ్మలకు పొనికి కర్ర ప్రాణము. తేలికైనది, మెత్తనిది, ఉలికి లొంగేది. ముక్కలను అతికి, చింతగింజల గుజ్జులో రంపపుపొట్టు కలిపి మెత్తి, నునుపు చేసి రంగులు వేస్తారు. పొనికి చెట్టు అడవిలో అరుదవుతున్నకొద్దీ పని కూడ అరుదవుతున్నది. శామీర్‌పేట దారి చివర కరీంనగరపు వెండి తీగపని ఉన్నది. వెండిని వెంట్రుకవలె సాగదీసి, మెలిపెట్టి, ఆ తీగెలతోనే పన్నీరుబుడ్లు, తాంబూలపు పెట్టెలు అల్లే పని అది.

చేర్యాల నకాషీల మాట మాత్రము కొంచెము నిలిచి చెప్పవలె. వారి పటాలు మొదట గోడకు తగిలించుటకు పుట్టినవి కావు. ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, గంజి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి, ఎర్రని నేలపై కులపురాణాలను చిత్రించేవారు. కూనపులివారు పద్మశాలీలకు, కాకిపడగలవారు ముదిరాజులకు ఆ పటాలను విప్పుతూ రాత్రుల కొలది కథ చెప్పేవారు. కథ వినేవారు తగ్గగా పటము అడిగేవారూ తగ్గారు. అప్పుడు చిత్రకారులు బారల పొడవున్న పటాన్ని జానెడు చట్రానికి కుదించారు. రంపపుపొట్టు, చింతగింజల పిండితో ముఖాలు చేశారు. పట్టణాల గోడలు వారికి అన్నము పెట్టినవి. దీనిని పతనమనే పండితులున్నారు. నేను వారితో ఏకీభవించలేను. చట్రములోని ముక్క కథను పూర్తిగా చెప్పదు, నిజమే. కాని కుంచె పట్టిన చేయి మిగిలి ఉన్నది. కూలిన ఇంటి గడపకు వేలు పోసి, చేర్యాల పటానికి వంద తగ్గించమని బేరమాడే మన అలవాటే నాకు అర్థము కానిది.

ఇక మన చేతి సంగతి. డబ్బు పెట్టి కొననవసరము లేని పనులు మన ఇండ్లలోనే ఉండేవి. పాత చాటకు సందులు పడితే, చించిన కాగితాలు, మెంతులు నానవేసి, కలిపి రుబ్బి, ఆ గుజ్జుతో అలికి ఎండబెట్టేవారు. చాట మరి కొన్నేండ్లు నిలిచేది; మెంతుల చేదుకు పురుగు అంటేది కాదు. కళాయి వేసేవాడు వీధిలోకి రాగానే ఇత్తడి గిన్నెలన్నీ వాకిట చేరేవి. గిన్నెను కాల్చి, నవసాగరము చల్లి, తగరము తాకించి గుడ్డతో తిప్పగానే అద్దమువలె మెరిసేది. ఆ తళుకు అందమునకు గాదు. చింతపండు పులుసు ఇత్తడి నంటి విషము కాకుండుటకు. ఉపాధ్యాయ మిత్రులు దీనిని రసాయనశాస్త్ర పాఠముగా చెప్పవచ్చును.

నేను ఉద్యోగము చేసిన పాఠశాలలో ఒక ఏడు పిల్లలను ఇంటినుండి తలా ఒక పాతవస్తువు తెమ్మన్నాము. దాని పేరేమి, ఎవరు చేశారు, ఎవరు వాడారు అనే మూడు ప్రశ్నలకు జవాబులు తేవలె. ఉట్టి వచ్చినది, కల్లుముంత వచ్చినది, మేదరివారు అల్లిన సిబ్బి వచ్చినది. ఒక బాలుడు బొంత తెచ్చాడు. దానివెంట నాయనమ్మ కూడ వచ్చినది. ప్రశ్నలకు జవాబు వాని కాగితములో లేదు, ఆమె వ్రేలి చివర ఉన్నది. ఇది తన పెండ్లిచీర, ఇది అత్తగారిది, ఈ తెల్లది పెనిమిటి ధోవతి, ఈ పూలగుడ్డ పురిటిలోనే పోయిన బిడ్డకు కుట్టినది అని ముక్క ముక్కనూ తడవి చెప్పినది. తరగతి నిశ్శబ్దమైపోయినది.

దానిని గోడకు తగిలించి నాలుగు దినాలు ఉంచుదుమని మేమెంతో బ్రతిమాలినాము. ఆమె ఒప్పుకొనలేదు. ‘చలిదినాలు సారూ, రాత్రి మనుమడు కప్పుకోవాలె’ అని మడిచి చంకన బెట్టుకొని వెళ్ళిపోయినది.