రికార్డరు సవరించిన పిమ్మట కెమెరాలు కానరాకుండుట

గడచిన రబీ ధాన్యము గిడ్డంగికి చేరిన దినములలో మా ప్రాంతపు సహకార సంఘమొకదానివారు నన్ను పిలిపించి, తమ కాపుదల కెమెరాలు ఎనిమిదింటిలో అయిదు చెడిపోయినవనియు, క్రొత్తవి కొనుటకు పాలకవర్గము తీర్మానింపనున్నదనియు చెప్పిరి. పైరుల సంగతి చెప్పుట నా యుద్యోగము గాని యీ యంత్రములందు నేను పండితుడను గాను. అయినను, అయిదును ఒక్కనాడే చెడినవా యని యడిగితిని. ఔననిరి. ఆనాడు దుకాణపు మనిషి వచ్చి రికార్డరులోని ఫర్మువేరును మార్చి పోయెనట. ఒక బోదె క్రింది మళ్ళన్నియు ఒక్కనాడే యెండినయెడల రైతు మళ్ళను త్రవ్వి చూడడు; తూము కడకు బోవును. ఇచ్చటను అట్లే చేయవలసియుండెను.

అప్పటికి తొమ్మిది రాత్రులు గడచినవి. ఆ రాత్రుల చిత్రములు లేవు. ఆ నడుమనే ఏడు బస్తాలు లెక్కకు తగ్గెను. తూకములో పొరపాటో, దొంగతనమో యెవరును చెప్పలేకపోయిరి గాని మాట మాత్రము కావలివానిమీద పడెను. వాని తప్పును గాని నిర్దోషమును గాని చెప్పవలసిన కన్నులు మూసికొనియుండెను.

ఫర్మువేరనగా యంత్రము ఎట్లు నడువవలెనో దానియందే వ్రాసియుంచిన ఆజ్ఞల సముదాయము. దొంగలు చొరబడు సందులు బయటపడినపుడెల్ల తయారుచేసినవారు దానిని సవరించుచుందురు. ఈ సవరణ వలదని నేననను. 2016లో మిరాయి యను దుష్ట ప్రోగ్రాము, పుట్టుకతో వచ్చిన పాస్‌వర్డును మార్చని కెమెరాలను, రికార్డర్లను పెక్కింటిని వశపరచుకొనెను. ఆ యేటి అక్టోబరు 21వ తేదీన అమెరికాలోని డిన్ అను సంస్థపై దాడికి వానిని వాడుకొనగా, ట్విట్టరు మొదలగు పెద్ద వెబ్‌సైట్లు గంటలకొలది పలువురకు అందకపోయెను. అప్పటినుండి కంపెనీలు కట్టుదిట్టములు పెంచినవి. చిక్కెక్కడ ననగా, రికార్డరు క్రొత్త కట్టుబాటు నేర్చుకొనును. కెమెరా పాత కట్టుబాటునందే యుండును. ఇంటి తాళము మార్చి పాలేరునకు చెవి యియ్యని తీరు.

కావున మొదట చేయవలసిన పరీక్ష యొక్కటే. రికార్డరును విడిచిపెట్టి, అదే నెట్‌వర్కునకు ఒక ల్యాప్‌టాపును తగిలించి, కెమెరా యొక్క ఐ.పి. నంబరును బ్రౌజరులో కొట్టి చూడుడు. లోపలికి ప్రవేశించి చిత్రము చూడగలిగినయెడల కెమెరా బ్రతికియున్నది, తీగ బాగున్నది, కొట్టుకొనుచున్నది రికార్డరునకును కెమెరాకును నడుమనున్న ఒప్పందము మాత్రమే. మేమీ పరీక్ష చేయగా అయిదింటిలో నాలుగు చక్కగా చిత్రమును చూపినవి. పాలకవర్గపు తీర్మానము ఆ పూటకు ఆగెను.

పాడుకాని మూడు కెమెరాలును రికార్డరు చేసిన కంపెనీవే. తక్కినవి వేరు కంపెనీవి. వేర్వేరు కంపెనీల యంత్రములు ఒకదానితో నొకటి మాటలాడుకొనుటకు 2008లో ఆక్సిస్, బాష్, సోనీ కంపెనీలు కూడి ఆన్విఫ్ అను ఉమ్మడి కట్టుబాటును ఏర్పరచినవి. కొన్ని కెమెరాలలో ఆన్విఫ్ వాడుకపేరును పాస్‌వర్డును కెమెరా సొంత పాస్‌వర్డునకు వేరుగా నుండును. కొన్నింట ఆన్విఫ్ ముందుగా మూసియుండును, మనమే తెరువవలెను. ఈ రెండును సరిచూచితిమి. సరిగానే యున్నవి. అయినను రికార్డరు పాస్‌వర్డు తప్పనియే చెప్పుచుండెను.

తప్పు గడియారమునందున్నది. ఆన్విఫ్ పద్ధతిలో రికార్డరు పాస్‌వర్డుతో పాటు ఆ క్షణపు వేళను గూడ కలిపి పంపును. పాతబడిన సందేశమును దొంగ మరల వాడకుండుటకై, వేళ తనదానికి మిక్కిలి దూరముగా నున్నచో కెమెరా దానిని త్రోసివేయును. సవరణతో రికార్డరు కాలమండలము గ్రీన్విచ్చికి మరలిపోగా, ఆ మనిషి దానిని మార్చక తెరమీది గంటను మాత్రము చేతితో సరిచేసెను. చూచువారికి వేళ సరిగానే యుండెను. లోలోపల 5 గంటల 30 నిమిషముల తేడా యుండెను. భారత కాలమండలమును ఎంచి, పిదప గంటను సరిపెట్టినంతనే నాలుగు చిత్రములు వరుసగా తెరపై నిలిచినవి. అందఱును మోసపోయినది తెర సరిగా నుండుటవలననే.

అయిదవ దాని సంగతి చిన్నది. ఆనాడు రూటరును ఆర్పి వెలిగించుటచే దానికి వేఱొక ఐ.పి. నంబరు వచ్చినది, రికార్డరు పాత నంబరునే పిలుచుచుండెను. రూటరులో ఆ కెమెరాకు ఒక నంబరును స్థిరపరచి విడిచితిమి.

తోచినట్లు పాస్‌వర్డులు మరల మరల కొట్టకుడు. పెక్కు కెమెరాలు కొన్ని తప్పుల పిమ్మట కొంతసేపు తలుపు బిగించుకొనును, అప్పుడు సరియైనది కొట్టినను ఒప్పవు. హార్డుడిస్కును ఫార్మాటు చేయుదమను సలహాదారు వచ్చినయెడల వానిని ముందు టీ త్రాగుటకు పంపుడు. ఫార్మాటు చేసినచో ఉన్న చిత్రములును పోవునే గాని పోయిన కెమెరా రాదు. పాత ఫర్మువేరునకు మరలుట అన్ని రికార్డర్లలోను సాధ్యము గాదు.

సవరణకు గిడ్డంగి ఖాళీగా నున్న కాలమును, ఉదయపు వేళను ఎంచుకొనుడు. నడుమ కరెంటు పోయిన రికార్డరు మరల లేవకపోవచ్చును గాన యు.పి.యస్. లేనిదే మొదలుపెట్టవలదు. ముందుగా అమరికల ఫైలును పెన్‌డ్రైవులోనికి తీసికొని, ప్రతి కెమెరా నంబరు, కాలమండలము ఉన్న తెరలను ఫోనుతో ఫొటోలు తీయుడు. ఆ మనిషిని అదే పూట పంపివేయక, మరునాడు గత రాత్రి చిత్రమును ప్రతి కెమెరానుండి వెనుకకు త్రిప్పి చూచిన పిమ్మటనే బిల్లు చెల్లింపుడు. తెరపై ఇప్పుడు బొమ్మ కనబడుట వేరు, రాత్రి బొమ్మ డిస్కుమీద నిలిచియుండుట వేరు.

ఆ సంఘమున ఈ తనిఖీని ఇప్పుడు కావలివాడే చేయుచున్నాడు. తెల్లవారగనే ఎనిమిది చిత్రములను చూచి, అర్ధరాత్రివేళ వానిని ఒక్కొక్కటిగా తెరచి, రిజిస్టరులో వ్రాలు చేయును. ఏడు బస్తాల సంగతి మాత్రము నేటికిని తేలలేదు.