బడి కప్పుపై ఎండ – కంప్యూటరులో లెక్క

వేసవి వచ్చిందంటే రేకుల కప్పు కింద చదువుకొనే పిల్లల అవస్థ చెప్పనలవి కాదు. మనం ఎండ అన్నా, పొరుగున కన్నడిగులు బిసిలు అన్నా ఆ తాపం ఒక్కటే. మా బడికి అందిన కొద్దిపాటి విరాళంతో ఫ్యాన్లు కొనాలా, కప్పుకు సున్నం వేయించాలా అన్న ప్రశ్న తలెత్తినప్పుడు, ఇంజనీరింగు చదువుతున్న మా పూర్వవిద్యార్థి ఒకడు ఆ గదిని కంప్యూటరులో నమూనాగా నిర్మించాడు.

గది కొలతలు, రేకు స్వభావం తెలిపినంత మాత్రాన యంత్రానికి వేడి తెలియదు. వేడి ఎక్కడి నుండి, ఎంత వస్తున్నదో మనమే తెలపాలి. వీటినే ఉష్ణమూలాలు అంటారు. ఇవి ముఖ్యంగా మూడు విధాలు. మనుషులు, ఫ్యాన్ల వంటివాటి వేడిని మొత్తం వాట్లలో ఇస్తాం. ఎండ వంటి ఉపరితలంపై పడే వేడిని చదరపు మీటరుకు ఇన్ని వాట్లని ఇస్తాం. సిమెంటు గట్టిపడేటప్పుడు లోపలంతా పుట్టే వేడిని ఘనపు మీటరు చొప్పున ఇస్తాం.

మా గది కప్పు 48 చదరపు మీటర్లు. మిట్టమధ్యాహ్నపు ఎండను చదరపు మీటరుకు 900 వాట్లుగా తీసుకొన్నాం. మాసిన రేకు అందులో 80 శాతం పీల్చుకొంటుందనుకొంటే 720 వాట్లు. కప్పు మొత్తానికి 34,560 వాట్లు. తెల్లని సున్నం వేస్తే పీల్చేది 30 శాతమే అనుకొన్నాం. అప్పుడు మొత్తం 12,960 వాట్లు. నలభై మంది పిల్లల వేడి, తలకు 75 వాట్ల చొప్పున, 3,000 వాట్లు. రెండు ఫ్యాన్లు తీసుకొనే 150 వాట్ల విద్యుత్తూ చివరకు గదిలో వేడిగానే మారుతుంది. ఫ్యాను చెమటను ఆర్చి హాయినిస్తుందే గాని గాలిని చల్లబరచదు.

తొలి ప్రయత్నంలో కప్పు వేడి వందల డిగ్రీలు దాటిపోయింది. చదరపు మీటరు గడిలో 720కి బదులు 34,560 వేయడమే కారణం. రెండవసారి వేడి పోయే దారి చూపలేదు. ఉష్ణోగ్రత ఆగకుండా పెరిగింది. గాలి ద్వారా, ఆకాశం వైపు వికిరణం ద్వారా కప్పు కోల్పోయే వేడిని కూడా చెప్పిన తరువాతే లెక్క కుదిరింది. స్థిరస్థితిలో వచ్చిన వేడి, పోయిన వేడి సమానం కావాలి. ఈ సరిచూత మరువరాదు.

మరొక పొరపాటు కూడదు. కప్పు ఉష్ణోగ్రతను 60 డిగ్రీలని ముందే బిగించితే, సున్నం వేసినా వేయకున్నా అదే ఫలితం వస్తుంది. తెలుసుకోదలచినదాన్నే ముందుగా నిర్ణయించినట్లవుతుంది!

భవనాల కోసం రూపొందిన ఎనర్జీప్లస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఎండను వాతావరణ ఫైలు నుండి తానే గ్రహిస్తుంది. అందులోనూ కప్పు పీల్చుకొనే శాతం, మనుషుల సంఖ్య మనమే తెలపాలి.

మేము ముందుగా సున్నమే వేయించాం. దుమ్ము పడి, వానకు కొట్టుకుపోయి దాని తెలుపు తగ్గుతుంది గనుక ఏటేటా వేయక తప్పదు. లెక్క నిజమో కాదో తేల్చేందుకు గదిలో ఉష్ణమాపకం వేలాడదీసి, రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు పిల్లలచేతనే నమోదు చేయిస్తున్నాం.