పులుపులేని ఆహారమును నిలువచేయుటకు తగిన పొయ్యి



ఆవకాయ పెట్టుటకు మనవారికి పొయ్యితో పనిలేదు. మామిడికాయలోని పులుపు, ఉప్పు, ఆవపిండి, నూనె—ఇవియే దానిని ఏడాదిపొడవునను కాపాడుచున్నవి. చేపలు, మాంసము, చిక్కుడుకాయలు మొదలగు పులుపులేని పదార్థములను గాజుసీసాలలో బిగించి నిలువచేయు పద్ధతి వేరు. అందు అగ్నియే రక్ష. అమెరికాలో ఈ పద్ధతి ఇండ్లలో చిరకాలముగా వాడుకలో నున్నది. మన తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు మరపడవల వేట నిషిద్ధము. ఆ 61 దినములకై విశాఖ రేవున దొరకు వంజరము వంటి చేపలను ఇట్లు దాచుకొనగోరువారు, సీసాలు కొనుటకు పూర్వమే తమ పొయ్యిని పరీక్షించుకొనవలెను.

ఏలయన, ఇందలి ప్రమాదము కంటికి కనబడదు. మట్టిలోను నీటిలోను బొట్యులినమ్ అను సూక్ష్మజీవి యొక్క బీజములు గలవు. మరుగునీటి వేడిమి 100 డిగ్రీలు. ఆ వేడిమికి అవి చావవు. గాలి చొరని సీసాలో, పులుపులేని పదార్థము నడుమ, అవి మొలకెత్తి విషమును పుట్టించును. ఆహారపు రంగు, వాసన, రుచి మారకయే యుండవచ్చును. తిన్నవారికి చూపు రెండుగా కనబడుట, రెప్పలు వ్రాలుట, మాట తడబడుట, మ్రింగుడు పడకుండుట కలిగి, తుదకు ఊపిరి నిలిచిపోవచ్చును. అట్టి గుర్తు కనబడినంతనే ఆసుపత్రికి కొనిపోవలెను.

ఆ బీజములను చంపుటకు ఆవిరిని బంధించి వేడిమిని పెంచవలెను. సముద్రమట్టమున చదరపు అంగుళమునకు 10 పౌనుల ఒత్తిడి గలిగిన ఆవిరి వేడిమి సుమారు 116 డిగ్రీలు. ఇందులకు క్యానరు అను పెద్దపాత్ర కలదు. కనీసము నాలుగు పెద్దసీసాలు పట్టని చిన్న ప్రెజరు కుక్కరు ఈ పనికి చాలదు. అది త్వరగా వేడెక్కి త్వరగా చల్లారును. మొదట 10 నిమిషములు ఆవిరిని ధారాళముగా వెలువరించి, లోనిగాలి పోయిన పిదప బరువు పెట్టవలెను. అరలీటరు సీసాలలోని చేపలకు, ఒత్తిడి ఏర్పడినది మొదలు 100 నిమిషములు కావలెను. ఈ నడుమ ఒక్కసారి ఒత్తిడి తగ్గినను, మరల పెంచి, మొదటినుండి 100 నిమిషములు లెక్కింపవలసినదే.

కావున మనకు కావలసినది గొప్పమంట కాదు, నిలుకడగల మంట. జఠరాగ్నిని మన వైద్యులు విషమాగ్ని, తీక్ష్ణాగ్ని, మందాగ్ని, సమాగ్ని యని నాలుగు విధములుగా చెప్పిరి. ఈ విభాగము పొయ్యికిని చక్కగా సరిపోవును.

కట్టెలపొయ్యి విషమాగ్ని. సరుగుడు కట్టెయైనను, జీడిమామిడి కట్టెయైనను ఒకమారు భగ్గున మండి, వేరొకమారు అణగును. కట్టెలను వెలికి లాగినను నిప్పుకణికల వేడి పోదు. బొగ్గులకుంపటియు నిట్టిదే, పైగా తలుపులు మూసిన గదిలో దాని విషవాయువు ప్రాణము తీయును. పెండ్లివంటలకు వాడు పెద్ద గ్యాసు బర్నరు తీక్ష్ణాగ్ని. అది పాత్ర అడుగును వంకరపుచ్చును, నీటిని త్వరగా ఇగిర్చును. కిరసనాయిలు ఒత్తుల స్టౌ మందాగ్ని. ఒత్తిడి లేవకయే గంటలు గడచును. పంపుస్టౌ మంట బలమైనదే గాని, దాని సన్నని కాళ్లు బరువునకు తగవు. సీసాలతోను నీళ్లతోను నిండిన క్యానరు పదునైదు, ఇరువది కిలోలు తూగును.

విద్యుత్తు పొయ్యిలలో సాధారణమైన ఇండక్షను పొయ్యిపై అల్యూమినియము పాత్ర వేడెక్కదు. గాజుపలక పొయ్యి ఆ బరువును మోయునో లేదో తయారుచేసినవారి పత్రములో చూడవలెను. కరెంటు పోయినచో లెక్క మరల మొదటికి వచ్చును. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను తాకిన పిదప విశాఖలో దినములతరబడి కరెంటు లేకపోయిన సంగతి మీ రెరుగుదురు.

ఇక మిగిలినది ఇంటి గ్యాసుపొయ్యి. మంట కంటికి కనబడును, వ్రేలితో త్రిప్పినంత మాత్రమున తగ్గును, హెచ్చును. చాలమందికి ఇదియే సమాగ్ని. అయినను దీనికి నియమములు గలవు. పొయ్యి కదలని అరుగుపై సమముగా నుండవలెను. సముద్రపుగాలి మంటను చెదరగొట్టును గనుక ఆరుబయట పెట్టరాదు. మొత్తముమీద రెండున్నర గంటలు మంట కావలెను గనుక సిలిండరులో తగినంత గ్యాసు కలదో లేదో ముందే చూడవలెను. గ్యాసు గాలికంటె బరువైనది. కారినచో పైకి పోక నేలపై ప్రాకి దూరమున నున్న నిప్పునుగూడ అందుకొనును. 1997 సెప్టెంబరు 14వ తేదీని విశాఖలోని హిందూస్థాన్ పెట్రోలియం శుద్ధి కర్మాగారమున గ్యాసు కారి అంటుకొని సుమారు 60 మంది మరణించిరి. ఇంటిలో రబ్బరుగొట్టమును, రెగ్యులేటరును ప్రతిసారియు పరీక్షింపుడు. వాసన వచ్చినచో దీపము మీటకయు, అగ్గిపుల్ల గీయకయు, సిలిండరు కట్టి తలుపులు తెరవుడు.

ఎత్తు ప్రదేశములవారికి వేరొక మాట. అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చట నీరు సుమారు 97 డిగ్రీలకే మరుగును. కావున అచ్చటివారు 10 పౌనుల బరువునకు మారుగా 15 పౌనుల బరువు పెట్టవలెను. మంట పెంచినంత మాత్రమున ఆ కొరత తీరదు.

మీ పొయ్యి తగినదో కాదో తెలియుటకు సులభమైన పరీక్ష కలదు. సీసాలలో నీళ్లు మాత్రమే నింపి క్యానరులో నుంచి, ఒత్తిడిని లేపి, అరగంటసేపు చూడుడు. మంటను కొంచెము సవరించుటతోనే ఒత్తిడి నిలిచినచో ఆ పొయ్యి పనికివచ్చును. పడుచు లేచుచు నున్నచో దానిని విడువుడు. పని ముగిసిన పిదప మంట ఆర్పి, పాత్రపై చన్నీళ్లు పోయక, బరువు తీయక, దానంతట అది చల్లారువరకు ఆగవలెను. త్వరపడినచో సీసాలలోని రసము బయటికి పొంగును. ఇట్లు దాచిన పదార్థమును తినుటకు ముందు 10 నిమిషములు మరగించుట మేలు.

నిలుకడగల పొయ్యి లేనివారు చిన్నబుచ్చుకొన నక్కరలేదు. ఉప్పుపట్టించి ఎండబెట్టిన చేప మన తీరమున తరతరములుగా నిలిచిన ఆహారమే. పిల్లలు తినవలసిన సీసాను అనుమానముతో మూయుటకంటె, ఆ పాతదారిని నడచుట మంచిది.