కోట్లు రావు, కేసులొస్తాయి: రెండు తలల పాముపై అపోహలు – వాస్తవాలు

వానలు పడి పొలాలు దున్నే రోజులు రాగానే వాట్సాప్ గ్రూపుల్లో అదే వీడియో మళ్లీ తిరగడం మొదలవుతుంది. తూకం మీద ఎర్రగా, మొద్దుగా ఒక పాము. పక్కన నోట్ల కట్టలు. ‘రెండు తలల పాము ఉంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి, కోట్లలో కొంటాం’ అనే గొంతు. కొన్నాళ్లకు పేపరు జిల్లా పేజీలో ఇంకో ఫొటో వస్తుంది. ముఖాలకు గుడ్డలు కప్పుకొని నిలబడ్డ కుర్రాళ్లు, వెనక పోలీసులు, ముందు బల్ల మీద ప్లాస్టిక్ బకెట్. ఆ బకెట్లో పాము తర్వాత బతికిందో లేదో మాత్రం ఎవరూ రాయరు.

ఇది ఒక్క జిల్లా గొడవ కాదు. వైల్డ్‌లైఫ్ కన్జర్వేషన్ సొసైటీ ఇండియా విభాగం 2016 నుంచి 2020 వరకు లెక్కగడితే, ఈ పాములను పట్టుకున్న ఘటనలు 18 రాష్ట్రాల్లో 172 తేలాయి. అవి దొరికిపోయినవాళ్ల లెక్కలు మాత్రమే. 2021లో ఈ వ్యాపారాన్ని ఎగదోసే వీడియోలు ఒక్క యూట్యూబ్‌లోనే 200 దాకా కనిపించాయి. అబద్ధమని తెలిసి కూడా ‘ఏమో, నిజమైతే?’ అంటూ ఫార్వర్డ్ చేసే ప్రతి చేతికీ ఈ పాపంలో వాటా ఉంది.

అపోహ: రెండు తలల పాము కోట్లు పలుకుతుంది

కొనేదెవరు? ఎక్కడ? దేనికి? ఈ మూడు ప్రశ్నలూ అడిగి చూడండి. ఒకడు ఎయిడ్స్ మందుకంటాడు. ఇంకొకడు మగతనం మందుకంటాడు. మరొకడు గుప్తనిధులు తీసే పూజకంటాడు. వేరొకడు విదేశీ కంపెనీ పరిశోధనకంటాడు. ఒకే సరుకుకు ఇన్ని ఉపయోగాలు చెబుతున్నారంటే ఒక్క ఉపయోగమూ లేదని అర్థం. కథ చెప్పే ఏ ఒక్కడూ చివరి కొనుగోలుదారును కళ్లతో చూసినవాడు కాదు. చూసిన మరొకడి పేరు చెబుతాడు, అంతే.

ఈ పాము నుంచి తీసిన మందు ఏ ఆస్పత్రిలోనూ, ఏ మందుల షాపులోనూ లేదు. హెచ్ఐవీకి మందులు ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు. మన తీరంలో పాములను ఏరి చదివిన ప్యాట్రిక్ రస్సెల్ ఈ పామును 1801లోనే శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కించాడు. తమిళనాడు తీరంలోని ట్రాంకేబార్‌లో ఉండిన మతబోధకుడు జాన్ పేరు మీద అది ‘ఎరిక్స్ జానై’ అయింది. రెండు శతాబ్దాలకు పైగా దీన్ని కోసి చూసినవాళ్లు, కొలిచినవాళ్లు, సీసాల్లో దాచినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లెవరికీ కనిపించని మహత్తు వాట్సాప్ బ్రోకరుకు ఎలా కనిపించింది?

మోసం నడిచే తీరు తెలుసుకోవాలి. తెలిస్తే తప్ప నమ్మకం పోదు.

ముందు ‘పార్టీ ఉంది’ అని ఒకడు వస్తాడు. పాము రెండున్నర కిలోలు తూగితేనే రేటు అంటాడు. ఊరును బట్టి ఆ అంకె మారుతుంది కానీ ఎప్పుడూ ఈ పాము అందుకోలేనంత ఎత్తులోనే ఉంటుంది. బాగా ఎదిగిన రెండు తలల పాము పొడవు మూడడుగుల దరిదాపు. బరువు చాలావరకు కిలో లోపే. ఆ షరతు పెట్టింది అందుకే. పాము ఎప్పటికీ తూగదు, బేరం ఎప్పటికీ తెగదు. ఈలోగా ‘టెస్టింగ్’ ఖర్చులని, సైంటిస్టును రప్పించాలని, స్టాంపు పేపరు మీద అగ్రిమెంటని, పెద్ద ప్రభుత్వ సంస్థ సర్టిఫికెట్ అని డబ్బు గుంజుతూనే ఉంటారు. రైస్ పుల్లింగ్ (బియ్యాన్ని లాక్కునే మహిమ) పేరుతో రాగి చెంబు చూపించి ఊళ్లను ముంచినవాళ్ల ఆట ఇదే. చెంబు పోయి పాము వచ్చింది. పుస్తెలు కుదువ పెట్టినవాళ్లు, వడ్డీకి తెచ్చినవాళ్లు, కూతురి పెళ్లికి దాచింది తెచ్చి పోసినవాళ్లు చివరికి పోలీసు స్టేషన్‌కు వెళ్లలేరు. వెళితే తామూ ముద్దాయిలమవుతామని భయం. మోసగాడి ధీమా అంతా అక్కడే ఉంది.

ఇక పాము గతి చూడండి. ఇది నేలలో బతికే జీవి. వదులు మట్టిలో, ఇసుకలో తల దూర్చుకొని ఎలుక కన్నాల్లో తిరుగుతుంది. దాన్ని తెచ్చి మూత బిగించిన బకెట్లో, గోనెసంచిలో వారాల తరబడి పడేస్తారు. బరువు పెరగాలని నోరు తెరిచి మాంసం ముక్కలు కుక్కుతారు. ఇనుప గుండ్లు మింగించిన ఘటనలూ ఉన్నాయి. నోటి లోపల చీరుకుపోయి పుండుపడుతుంది. ఆ తర్వాత అది తనంతట తాను తినదు. ‘బేరం కుదరలేదు’ అని ఏ గట్టు మీదో పారేసేనాటికి అందులో ప్రాణం ఉండదు.

దీనికి మించిన నష్టం ఇంకొకటి ఉంది. ఈ జాతిలో ఆడపాములే పెద్దవి. బరువైన పాము కావాలని వెతికితే ముందు సంచిలోకి వెళ్లేది పిల్లల్ని కనే తల్లి. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. అవి కూడా ఒక కాన్పుకు పద్నాలుగు దాటడం అరుదు. వాటిలో ముంగిస, గద్ద, నాగలి తప్పించుకొని ఎదిగేవి ఎన్ని? తల్లుల్ని ఏరేస్తూ పోతే ఆ చెలకలో ఇక జాతి మిగలదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీన్ని ముప్పుకు చేరువవుతున్న జాతుల్లో చేర్చింది, సంఖ్య తగ్గుతోందని కూడా చెప్పింది. కొరివి పెట్టింది ఈ పుకారే.

చట్టం సంగతి కూడా సూటిగా వినండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచి ఉంది. ఈ పామును పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం, అమ్మడం, కొనడం, బేరం కుదర్చడం అన్నీ నేరాలే. జైలు శిక్ష పడొచ్చు. 2022 సవరణతో సాధారణ ఉల్లంఘనకే జరిమానా గరిష్ఠంగా 25,000 నుంచి లక్ష రూపాయలకు పెరిగింది. ‘మా చేలో దొరికింది కాబట్టి మాదే’ అనే వాదన కోర్టులో నిలవదు.

అపోహ: దీనికి నిజంగానే రెండు తలలు

లేవు. ఒకటి తల, ఇంకొకటి తోక. తోక మొండిగా, తలంత లావుగా ఉంటుంది. బెదిరినప్పుడు అది ఒళ్లంతా చుట్టలు చుట్టి తలను కింద దాచుకొని తోకను పైకెత్తి ఆడిస్తుంది. దెబ్బ తోక మీద పడితే ప్రాణం దక్కుతుంది. దగ్గరగా చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. తల వైపు నిలువు గీత లాంటి పాపతో చిన్న కళ్లుంటాయి, మట్టి తవ్వడానికి ముక్కు ముందుకు పొడుచుకు ఉంటుంది. తోక వైపు ఆ రెండూ ఉండవు. పాములాడించే కొందరు ఆ తోకకు గాటు పెట్టి నోరులా చేసి చూపిస్తారు. ఆరు నెలలు ఒక తల, ఆరు నెలలు ఇంకో తల పనిచేస్తుందన్న మాటకు ఆధారం ఎక్కడా లేదు.

అపోహ: అది నాకితే కుష్టు, కాటేస్తే చావు

కుష్టు బాక్టీరియాతో వస్తుంది, పాము నాలుకతో రాదు. ఈ పాముకు విషం లేదు. ఎలుకను చుట్టుకొని నలిపి చంపి తింటుంది. మనిషిని కరవడమే అరుదు.

అసలు ప్రమాదం వేరే ఉంది. కోట్ల ఆశతో రాత్రిళ్లు టార్చి వేసుకొని కన్నాలు తవ్వేవాళ్ల చేతికి రెండు తలల పాము బదులు రక్తపింజర తగలొచ్చు. దీని దాయాది అయిన మచ్చల ఇసుక పాము చూడ్డానికి రక్తపింజరలాగే ఉంటుంది. ఏది ఏదో తేల్చుకోవడం అనుభవమున్నవాళ్లకే పని. రక్తపింజర కాటుకు పసరు, మంత్రం పనిచేయవు. యాంటీవెనం ఉన్న ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

అపోహ: ఈ పాము ఉంటే అదృష్టం

ఇందులో మాత్రం కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. అయితే ఇంట్లో ఉంటే కాదు, చేలో ఉంటే. ఇది కడుపు నింపుకొనేది ఎక్కువగా ఎలుకలతో. వేరుశనగ గుల్ల నేలలోంచి బయటికి రాకముందే, వరి కంకి ఇంటికి చేరకముందే ఎలుక ఎంత మింగుతుందో రైతుకు చెప్పనక్కర్లేదు. మందు పెడితే ఆ విషం తిన్న ఎలుకను తిని గుడ్లగూబ కూడా చస్తుంది. ఈ పాము కన్నంలోకే వెళ్లి ఎలుకల్ని తింటుంది, కూలి అడగదు. ‘పొలంలో పాముంటే మంచిది’ అన్న పెద్దల మాటను కాదనలేం. ఆ మాటను పట్టుకొని పామును డబ్బాలో పెట్టి దేవుడి గదిలో దాచేవాళ్లను మాత్రం క్షమించలేం. అదృష్టమంటూ ఏదైనా ఉంటే డబ్బాలో పెట్టిన రోజే అది చచ్చింది.

అపోహ: ముళ్లకంపల నేల పనికిరాని నేల

అడవి అంటే నల్లమల లాంటి దట్టమైన చెట్లే అనుకోవడం మన చదువుల్లోని లోపం. రాయలసీమ, దక్షిణ తెలంగాణల్లో కనిపించే రేగు పొదలు, తుమ్మలు, గడ్డి, రాళ్ల గుట్టలూ అడవే. రెండు తలల పాము ఇల్లు అదే. ప్రపంచంలో ఇంకెక్కడా లేని కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించింది ఇలాంటి పొదల్లోనే. బట్టమేక పిట్ట కోసం 1988లో రోళ్లపాడును అభయారణ్యం చేసింది ఇలాంటి గడ్డినేలలోనే. ఆ రెండు పక్షులూ ఇప్పుడు మన దగ్గర కంటికి కనిపించడమే గగనమైంది. ‘బంజరు’ అని కాగితం మీద రాసి జేసీబీ దింపిన ప్రతిచోటా ఇలాంటి జీవులకు ఇల్లు పోతోంది.

మిగతా జీవులపై అపోహలు, ఒక్కొక్క ముక్కలో

నక్కకు కొమ్ము ఉండదు, అమ్మేది పుర్రె ముక్కకు వెంట్రుకల తోలు చుట్టిన బొమ్మ. అలుగు పొలుసు మన గోరులో ఉండే కెరటినే, అందులో ఔషధం లేదు. నక్షత్ర తాబేలు ఇంట్లో తిరిగితే లక్ష్మి రాదు, అటవీ శాఖ వస్తుంది. దేవాంగపిల్లి కళ్లలో చేతబడి లేదు, రాత్రి పురుగుల్ని పట్టే చూపు ఉంది. దీపావళి రాత్రి గుడ్లగూబను బలిస్తే దొరికేది నిధి కాదు, వచ్చే ఏడాదికి మరిన్ని ఎలుకలు.

ఇక చేయాల్సింది

దుక్కిలో రెండు తలల పాము బయటపడితే నాగలో ట్రాక్టరో ఒక్క నిమిషం ఆపండి. దాని దారిన అది మట్టిలోకి పోతుంది. ఫొటో తీసి ఊరు పేరుతో గ్రూపులో పెట్టకండి, మరునాడు బ్రోకరు మీ గట్టు మీద ఉంటాడు. ఇంట్లోకో దొడ్లోకో వస్తే దగ్గర్లోని అటవీ రేంజ్ ఆఫీసుకు చెప్పండి. హైదరాబాద్ చుట్టుపక్కలైతే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు వచ్చి తీసుకెళ్తారు. పట్టిన పామును ఎక్కడో దూరంగా వదిలిరావడం దయ కాదు. తెలియని నేలలో దానికి కన్నం దొరకదు, తిండీ దొరకదు. వీలైనంత వరకు దొరికిన పరిసరాల్లోనే వదలాలి.

ఎవరైనా ‘పార్టీ ఉంది’ అంటూ వస్తే 112కు ఫోన్ చేయండి. ఇప్పటికే డబ్బు ఇచ్చి ఉంటే భయపడి దాచకండి. పాము మీ చేతిలోకి రాకముందే ఫిర్యాదు చేయడం మేలు, వచ్చాక దొరికితే ముద్దాయిలవుతారు. అమ్ముతాం, కొంటాం అనే వీడియో కనిపిస్తే చూసి వదిలేయకుండా అక్కడే రిపోర్ట్ కొట్టండి. స్కూలు టీచర్లు, సర్పంచులు, రైతు సంఘాలవాళ్లు ఏరువాకకు ముందే ఊళ్లో ఒక్కసారి ఈ మాట చెబితే చాలా ఇళ్లు మునగకుండా నిలుస్తాయి. ఈ పాముకు బజారులో రేటు లేదు. దాని విలువ మీ చేలో మిగిలిన గింజల్లో ఉంది. ఆ విలువ కావాలంటే దాన్ని అక్కడే ఉండనివ్వాలి.