అర్ధరాత్రి ఆయాసం.. వారం ముందే కబురు!

గుండె వైఫల్యం బాధితులు తరచూ ఊపిరాడని స్థితిలో అత్యవసర విభాగానికి వస్తుంటారు. కానీ ఒంట్లో నీరు చేరటం అంతకు చాలా రోజుల ముందే మొదలవుతుంది. ఆ సూచనలను ఇంట్లోనే పసిగట్టొచ్చు.

అర్ధరాత్రి దాటాక ఆయాసంతో క్యాజువాల్టీకి వచ్చే పెద్దవయసు వారిలో గుండె వైఫల్యం బాధితులు తరచూ కనబడుతుంటారు. మంచం మీద పడుకోలేరు. రెండు చేతులూ అంచున ఆనించి, ముందుకు వంగి కూర్చుంటారు. మాట పూర్తిగా రాదు. ఒళ్లంతా చెమట. ‘ఎప్పట్నుంచి?’ అని వెంట వచ్చినవారిని అడిగితే ‘ఇప్పుడేనండీ, నిద్రలోంచి ఉలిక్కిపడి లేచారు’ అంటారు. మరో నాలుగు ప్రశ్నలు వేస్తే గానీ అసలు సంగతి బయటికి రాదు. ‘చెప్పులు పట్టటం లేదని పోయిన ఆదివారమే అన్నారండీ.’ ‘నాలుగు రోజులుగా రెండు దిండ్లు వేసుకుంటున్నారు.’ ‘నిన్నయితే కుర్చీలోనే కునుకు తీశారు.’ ‘మాత్రలు అయిపోయి పది రోజులైంది.’

అంటే ఆయాసం ముందుగానే కబురు పెట్టిందన్నమాట. దాన్ని అప్పుడే గుర్తిస్తే చాలామందికి పగటిపూట ఓపీలో మందుల మోతాదు సరిచేసి పంపించొచ్చు. జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల వారికి ఇది మరింత అవసరం. బుట్టాయగూడెం, వేలేరుపాడు ఏజెన్సీ పల్లెల నుంచి పెద్ద ఆసుపత్రికి చేరటానికే చాలా సమయం పడుతుంది. అక్కడి నుంచి ఏలూరుకో, రాజమహేంద్రవరానికో పంపించాల్సి వస్తే మళ్లీ గంటకు పైగా ప్రయాణం. ఊపిరాడని మనిషికి ఆ గంట చాలా పెద్దది.

గుండె ఆగిపోవటం కాదు

గుండె వైఫల్యం అనగానే గుండె ఆగిపోయిందని హడలిపోతారు. నిజానికి ఇది గుండె తన పని తాను సరిగా చేయలేకపోవటం. కండరం బలహీనపడి రక్తాన్ని తగినంతగా పంప్ చేయలేకపోవచ్చు. లేదూ గట్టిపడి, రక్తాన్ని సరిగా నింపుకోలేకపోవచ్చు. రక్తం తక్కువగా అందుతోందని భావించి కిడ్నీలు ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి. ఆ నీరు ముందు కాళ్లలోకి, పొట్టలోకి, చివరికి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. పగలంతా కాళ్లలో ఉన్న నీరు పడుకోగానే తిరిగి రక్తంలోకి వస్తుంది. అందుకే ఆయాసం రాత్రిపూట ముదురుతుంది.

దీనికి ప్రధాన కారణం పాత గుండెపోటు. దీర్ఘకాలం అదుపులో లేని బీపీ, మధుమేహం, మద్యం వంటివీ దారితీస్తాయి. ఇది ముసలివారికే పరిమితం కాదు. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరంతో కవాటాలు దెబ్బతిన్న యువతులు, కాన్పు సమయంలో గుండె కండరం బలహీనపడిన బాలింతలూ ఇలాగే వస్తుంటారు. గర్భిణికి, బాలింతకు పడుకుంటే ఆయాసం వస్తోందంటే ‘నీరసంలే’ అని వదిలేయకూడదు.

మనదేశంలో 53 ఆసుపత్రుల్లో 10,851 మంది గుండె వైఫల్యం బాధితుల వివరాలను నమోదు చేసిన జాతీయ అధ్యయనంలో వారి సగటు వయసు సుమారు 60 ఏళ్లు. వారిలో సుమారు 14% మంది 90 రోజుల్లోపే మరణించారు. తీవ్రత తెలియటానికి ఈ లెక్క చాలు.

కబురు ఇలా వస్తుంది

* బరువు 3 రోజుల్లో 2 కిలోలు పెరగటం. ఇంత వేగంగా పెరిగేది కొవ్వు కాదు, నీరే.
* సాయంత్రానికి పాదాలు వాయటం, వేలితో నొక్కితే గుంట పడటం, చెప్పులూ మెట్టెలూ బిగుతు కావటం.
* తలకింద దిండ్ల సంఖ్య పెరగటం. నిద్రలో ఊపిరాడక లేచి కూర్చోవటం.
* పడుకుంటే పొడిదగ్గు.
* పొట్ట ఉబ్బరం, రెండు ముద్దలకే కడుపు నిండినట్టుండటం.
* నిన్నటిదాకా నడిచిన దూరానికే ఇవాళ ఆయాసపడటం.

వీటిలో ఏది కనిపించినా ఒకట్రెండు రోజుల్లో డాక్టరుకు చూపించుకోవాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, పెదాలు నీలంగా మారినా క్షణం ఆలస్యం చేయొద్దు.

ఎందుకు తిరగబెడుతుంది?

మొదటి కారణం మందులు మానెయ్యటం. ‘ఆయాసం తగ్గింది కదా’ అని కొందరు, ఖర్చుకు వెరసి కొందరు ఆపేస్తారు. ‘మూత్రం ఎక్కువొస్తోంది, పెళ్లికెళ్లాలి’ అని నీటి మాత్ర వాయిదా వేసేవారూ ఉన్నారు.

రెండోది ఉప్పు. రోజుకు మొత్తం 5 గ్రాములు, అంటే ఒక చెంచా దాటకూడదు. ఆవకాయ, మాగాయ, ఎండు చేపలు, అప్పడాలు, మిక్స్చర్‌తో ఇది సునాయాసంగా దాటిపోతుంది. సైంధవ లవణమూ ఉప్పే. ‘తక్కువ సోడియం’ ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది. గుండె మందులు వాడేవారికి, కిడ్నీ సమస్య ఉన్నవారికి అది ప్రమాదం కావొచ్చు. డాక్టరును అడగకుండా వాడొద్దు.

మూడోది నొప్పి మాత్రలు. మోకాళ్లకో, నడుముకో మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, అసిక్లోఫెనాక్ వంటివి ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. నొప్పికి ఏం వాడాలో డాక్టరునే అడగండి.

వీటితో పాటు న్యుమోనియా, రక్తహీనత, గుండె లయ తప్పటం, కొత్తగా వచ్చిన గుండెపోటు కూడా కారణం కావొచ్చు.

ఉబ్బసమనీ, గ్యాస్ అనీ..

ఊపిరితిత్తుల్లో నీరు చేరినప్పుడు పిల్లికూతలూ వినిపించొచ్చు. దాంతో ఉబ్బసం అనుకుని ఊళ్లోనే ఇంజెక్షన్లు చేయించుకుంటూ రెండు మూడు రోజులు గడిపేస్తుంటారు. పొట్ట ఉబ్బరాన్ని గ్యాస్ అనుకుని సోడాలు, గ్యాస్ పొడులు తాగుతారు. నీటిలో పొంగే ఆ పొడుల్లో సోడియం ఉంటుంది. అంటే ఉప్పు మీద ఉప్పు! యాభై దాటాక తొలిసారి ‘ఉబ్బసం’ వస్తే గుండెనూ పరీక్షించాల్సిందే.

అత్యవసర విభాగంలో..

ముందు కూర్చోబెట్టి, రక్తంలో ఆక్సిజన్ శాతం చూస్తారు. తక్కువగా ఉంటే ఆక్సిజన్ పెడతారు. అప్పటికీ కష్టంగా ఉంటే బిగుతైన మాస్కుతో గాలిని ఒత్తిడితో అందిస్తారు. ఇది వెంటిలేటర్ గొట్టం వేసే అవసరాన్ని తగ్గిస్తుంది. ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్‌ను నరంలోకి ఇస్తారు. బీపీ ఎక్కువుంటే నైట్రోగ్లిజరిన్ కూడా ఇస్తారు. ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, కిడ్నీ పరీక్షలు, వీలును బట్టి ఎకో చేస్తారు. మూత్రం ఎంత వస్తోందో కొలవటమూ చికిత్సలో భాగమే. అందుకే ‘బాత్రూమ్‌లో పోశామండీ’ అనకుండా నర్సు ఇచ్చిన కొలత పాత్రలోనే పట్టి ఇవ్వండి.

‘సెలైన్ పెట్టండి, నీరసంగా ఉన్నారు’ అని బంధువులు పట్టుబడుతుంటారు. ఊపిరితిత్తుల్లో నీరున్న మనిషికి సెలైన్ ఎక్కిస్తే ఆయాసం ముదిరిపోతుంది.

దారిలో జాగ్రత్త

ఊపిరాడని వారిని వెల్లకిలా పడుకోబెట్టొద్దు. కాళ్లు కిందికి వేలాడేలా కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయండి. బైక్ మీద ఇద్దరి మధ్య ఇరికించి తేవొద్దు. నీళ్లు, కొబ్బరినీళ్లు బలవంతంగా తాగించొద్దు. వాడుతున్న మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని, పాత ఎకో రిపోర్టు, డిశ్చార్జి కాగితంతో సహా తీసుకురండి. ‘తెల్ల మాత్ర, పసుపు మాత్ర’ అంటే ఏ డాక్టరూ పోల్చుకోలేరు.

ఇంటికెళ్లాకే అసలు జాగ్రత్త

ఆయాసం తగ్గి ఇంటికి వెళ్లగానే గండం గడిచిందనుకుంటారు. నిజానికి తర్వాతి కొద్ది వారాలే కీలకం. 2022లో వెలువడిన ‘స్ట్రాంగ్-హెచ్‌ఎఫ్’ అధ్యయనం దీన్నే చూసింది. 14 దేశాల్లో 1,078 మందిని ఎంచుకుని, కొందరికి డిశ్చార్జి అయిన రెండు వారాల్లోనే మందుల మోతాదును పూర్తిస్థాయికి పెంచి, తరచూ పరీక్షించారు. ఆర్నెల్లలో మరణించినవారు, తిరిగి ఆసుపత్రి పాలైనవారు మామూలు పద్ధతిలో 23.3% ఉంటే, వీరిలో 15.2% మందే. కాబట్టి డిశ్చార్జి అయిన వారం, పది రోజుల్లో తప్పకుండా తిరిగి చూపించుకోవాలి. అప్పుడు బీపీ, కిడ్నీల పనితీరు, పొటాషియం చూసి మోతాదు సరిచేస్తారు.

పంపింగ్ తగ్గినవారికి సాధారణంగా నాలుగు రకాల మందులు అవసరమవుతాయి. వాటిలో డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి మొదట మధుమేహానికి వచ్చినవే. ‘నాకు షుగర్ లేదు, ఈ మాత్ర ఎందుకు?’ అని మానేసేవారు ఎందరో. షుగర్ లేకపోయినా ఇవి గుండెకు మేలు చేస్తాయి. పేటెంట్లు తీరటంతో జనరిక్ రకాలు చవకగానే దొరుకుతున్నాయి. ఖర్చు భారమైతే మానెయ్యకండి, ఆ మాటే డాక్టరుకు చెప్పండి. తక్కువ ధరవి రాయించుకోవచ్చు.

రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే తూకం మీద బరువు చూసి క్యాలెండర్‌లో ఆ తేదీ పక్కన రాసుకోండి. ఇంట్లో తూకం లేకపోతే పీహెచ్‌సీలోనో, ఏఎన్ఎం దగ్గరో వీలైనన్నిసార్లు చూపించుకోండి. రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరునడిగి అదే క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి. ఓపీకి వచ్చేటప్పుడు ఆ కాగితమూ తీసుకురండి. మీ గుండె గురించి మాకు అది చెప్పినంతగా చాలాసార్లు ఏ పరీక్షా చెప్పదు.