విద్యుత్ సైకిళ్లు: మినహాయింపు ఎవరి మేలునకు?

భోగాపురము పేరు నేడు దేశమంతట వినబడుచున్నది. అల్లూరి సీతారామరాజు పేర వెలయు అంతర్జాతీయ విమానాశ్రయమునకు 2023 మే 3వ తేదీన అచట శంకుస్థాపన జరిగినది మొదలు ఉత్తరాంధ్రుల ఆశలెన్నియో ఆ యూరి చుట్టును అల్లుకొనినవి. విమానము నేల విడుచుటకు ముందు దాని యంత్రములను పరీక్షించి, ఇది ఎగురుటకు యోగ్యమని వ్రాసి సంతకము చేయు బాధ్యుడొకడు తప్పక యుండును. కాని ఆ విమానాశ్రయపు ప్రహరీగోడ వెలుపల, అదే భోగాపురపు వీధులలో నడచు విద్యుత్ సైకిలునకును, చిన్న విద్యుత్ స్కూటరునకును అట్టి బాధ్యుడెవడు? అమ్మువాని మాటయే ప్రమాణముగా పేదవాడు సొమ్ము చెల్లించుచున్నాడు. ఆపద వచ్చిననాడు ఆ మాట గాలిలో కలిసిపోవుచున్నది. ఈ విషయమున చట్టమేమి చెప్పుచున్నదో, ఇతర దేశములు ఏమి చేసినవో విచారించుట అవసరమని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేమీ బండ్లకు విరోధులము కాము. భోగాపురము మండలమున ముక్కాము, చేపలకంచేరు వంటి పల్లెలు సముద్రమును నమ్ముకొని బ్రదుకుచున్నవి. తెల్లవారుజామున ఒడ్డునకు చేరిన చేప ఎండ ముదురకముందే బజారునకు చేరవలయును. లేనిచో దాని వెల పడిపోవును. గంప నెత్తిన పెట్టుకొని నడచు స్త్రీకిని, కట్టుబడి పనికి పోవు కూలివానికిని, విజయనగరము కళాశాలలో చదువుకొను విద్యార్థికిని పెట్రోలు బండిని కొనుటయు పోషించుటయు తలకు మించిన భారము. విద్యుత్ సైకిలునందు తరచుగా నుండు 36 వోల్టుల, 10 ఆంపియరు గంటల బ్యాటరీ నిండుటకు పట్టు విద్యుచ్ఛక్తి ఒక యూనిట్టులో మూడవవంతును కొంచెము మాత్రమే మించును. కాలి త్రొక్కుడు తోడైనచో ఆపాటి శక్తితోనే ముప్పది కిలోమీటర్లు పోవుట కష్టము కాదు. పొగ లేదు, రొద లేదు. పేదవాని కాలికి బలమిచ్చు ఇట్టి సాధనమును ఎవరు వలదందురు? వలదనవలసినది దాని చాటున సాగు మోసమును.

ఇక చట్టమును చూతము. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి, బ్యాటరీతో నడచు వాహనమును నిర్వచించుచు, ఒక వెసులుబాటు నొసగినది. మోటారు ముప్పది నిమిషములపాటు నిలుకడగా నీయగల శక్తి 250 వాట్టులకు లోబడి, బండి పరమవేగము గంటకు 25 కిలోమీటర్లకు లోబడి యున్నచో, అది మోటారు వాహనముగా పరిగణింపబడదు. త్రొక్కుడు సైకిలునకు మోటారు తోడుగా నున్న పక్షమున, వేగము 25 కిలోమీటర్లను చేరినప్పుడు గాని, త్రొక్కువాడు త్రొక్కుట మానినప్పుడు గాని మోటారు సాయము ఆగిపోవలయును. తగిన బ్రేకులును, ముందు తెల్లని, వెనుక ఎర్రని కాంతి ప్రతిఫలకములును ఉండవలయును. ఇట్టి బండికి రిజిస్ట్రేషను లేదు. నడపువానికి లైసెన్సు లేదు. నిర్బంధ భీమా లేదు. అల్పవేగముతో పోవు బండికి అధిక భారము మోపరాదను న్యాయబుద్ధియే దీనికి మూలము. ఆ బుద్ధిని మేము మెచ్చుకొందుము.

అయితే ఆ నియమములోనే మరియొక మాట యున్నది. పై షరతులన్నియు ప్రభుత్వము గుర్తించిన పరీక్షా సంస్థ పరిశీలించి ధ్రువపరచిన యెడలనే ఆ మినహాయింపు వర్తించును. అనగా అది బండికి పుట్టుకతో వచ్చిన హక్కు కాదు, పరీక్షలో నెగ్గి సంపాదింపవలసిన యోగ్యత. కొట్టులో బేరము జరుగునప్పుడు ఈ మాట ఎవరి నోటను వినబడదు. "బాబూ, దీనికి లైసెన్సు అక్కరలేదా?" అని తల్లి యడుగును. "అక్కరలేదమ్మా, మీ అబ్బాయి రేపే నడుపుకొనవచ్చును" అని వర్తకుడనును. పిమ్మట గొంతు తగ్గించి, "ఇదిగో, ఈ తీగె విప్పినచో నలుబది కూడ పోవును" అని చెవిలో వేయును. ఆ ఒక్క తీగెతో చట్టము తలక్రిందులైనదని ఆ తల్లికి తెలియదు.

ఎట్లనిన: 25 కిలోమీటర్ల హద్దు దాటిన క్షణముననే ఆ బండి మోటారు వాహనమగుచున్నది. 2019లో సవరింపబడిన చట్టము ప్రకారము లైసెన్సు లేక మోటారు వాహనము నడపినందుకు 5,000 రూపాయల జరిమానా. రిజిస్ట్రేషను లేనందుకు మొదటిసారి 5,000 వరకును, భీమా లేనందుకు మొదటిసారి 2,000 రూపాయలును వేరుగా నున్నవి. నడపినవాడు మైనరయినచో సంరక్షకునికి 25,000 రూపాయల జరిమానాయు, మూడేండ్ల వరకు కారాగారమును విధింపవచ్చును. ఆ బాలునికి ఇరువదియైదేండ్లు నిండువరకు లైసెన్సు దొరకదు. కుమారుని బడికి పంపుటకు బండి కొన్న తండ్రి, తానెరుగకయే, ఇంతటి అపరాధమునకు గురి కావలసి యున్నది. అంతకంటె ఘోరమైన సంగతి మరియొకటి. ఆ బండి తగిలి దారిన పోవు వృద్ధుని కాలు విరిగినచో, నష్టపరిహార మిచ్చుటకు భీమా సంస్థ లేదు. బాధితుడును పేదవాడే, బండివాడును పేదవాడే. ఇద్దరిలో ఎవడు ఎవనికి చెల్లింపగలడు?

ఇంతవరకు చెప్పినది ఒక వైపు. అదే చట్టమునందలి 182-ఏ సెక్షను, నిబంధనలకు విరుద్ధముగ బండ్లను తయారుచేసిన, దిగుమతి చేసిన, అమ్మినవారికి ఒక్కొక్క బండికి లక్ష రూపాయల జరిమానా గాని, ఏడాది వరకు కారాగారము గాని, రెండును గాని విధించుచున్నది. బండిని అక్రమముగ మార్చిన యజమానికి మార్పు ఒక్కింటికి 5,000 రూపాయలు గాని, ఆరుమాసముల కారాగారము గాని శిక్ష. శాసనకర్తలు అమ్మువాని తప్పునకే ఎక్కువ బరువు వేసినారని స్పష్టము. కాని తనిఖీ రహదారిమీద జరిగినంత కాలము చేతికి చిక్కువాడు కొన్నవాడే. అమ్మినవాడు తన కొట్టులో నిశ్చింతగ కూర్చుండును.

సర్కారు సొమ్ము ఎటు ప్రవహించినదో గూడ పరికింపవలయును. విద్యుత్ వాహనములను ప్రోత్సహించుటకై కేంద్ర ప్రభుత్వము 2015లో ఫేమ్ పథకమును ప్రారంభించినది. 2019 ఏప్రిలులో మొదలైన రెండవ ఫేమ్ పథకమునకు 10,000 కోట్ల రూపాయలు కేటాయించినది. ద్విచక్ర వాహనములకు 2021 జూనులో కిలోవాట్ గంట ఒక్కింటికి 15,000 రూపాయల చొప్పున, వెలలో నూటికి 40 వంతుల వరకు సాయము లభించెను. 2023 జూను 1 నుండి అది 10,000 రూపాయలకును, నూటికి 15 వంతులకును తగ్గినది. ఈ సాయము పొందుటకు బండి గంటకు 40 కిలోమీటర్ల వేగమైనను పోగలదై యుండవలయునని షరతు. అనగా 25 కిలోమీటర్లకు లోబడిన పేదవాని బండికి ఒక్క పైసయు రాలేదు. 2024 అక్టోబరులో 10,900 కోట్లతో వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకమును రిజిస్ట్రేషను గల బండ్ల కొరకే. మరి ఆ ధనమైనను సద్వినియోగమైనదా? స్వదేశమునందు తయారైన భాగములనే వాడవలెనను నిబంధనను ఉల్లంఘించి విదేశపు సరకుతో సాయము పుచ్చుకొనినారని తేల్చి, ఏడు సంస్థలనుండి 469 కోట్ల రూపాయలు తిరిగి చెల్లింపుడని 2023లో ప్రభుత్వమే కోరవలసి వచ్చినది. కలవాని స్కూటరునకు ధనమును, పేదవాని సైకిలునకు మినహాయింపును పంచి యిచ్చి, రెంటిని గూడ మధ్యవర్తులకు వదలిన విధానమిది.

పన్నుల లెక్కయు ఇట్లే యున్నది. 2019 ఆగస్టు 1 నుండి విద్యుత్ వాహనముపై వస్తు సేవల పన్ను నూటికి 12 నుండి 5కు తగ్గినది. మంచిదే. కాని కొన్ని సంవత్సరములకు బ్యాటరీ అరిగి, క్రొత్తది వేరుగా కొనబోయిననాడు ఆ బ్యాటరీపై పన్ను నూటికి 18. బండి వెలలో పెద్దభాగము బ్యాటరీదే కదా! క్రొత్త బండి కొనగలవానికి తక్కువ పన్ను, ఉన్న బండినే బాగుచేసికొని బ్రదుకు నీడ్చువానికి ఎక్కువ పన్ను. ఆ భారమునకు తాళలేక అతడు ఊరు పేరు లేని చవుక బ్యాటరీని తెచ్చి అమర్చుకొనును. అచటనే అగ్నికి తావు కలుగుచున్నది.

ఈ అగ్ని ఊహామాత్రము కాదు. 2022 ఏప్రిలులో విజయవాడలోను, నిజామాబాదులోను ఇంటిలో చార్జి పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీలు ప్రేలి మనుష్యులు మరణించిరి. ఆ సంవత్సరమే సెప్టెంబరులో సికింద్రాబాదునందు, క్రింది యంతస్తున విద్యుత్ స్కూటర్ల కొట్టు గల యొక వసతిగృహమున మంటలు చెలరేగి 8 మంది అసువులు బాసిరి. పిమ్మట కేంద్ర ప్రభుత్వము బ్యాటరీ పరీక్షల ప్రమాణమైన ఏఐఎస్-156ను కట్టుదిట్టము చేసి, 2022 డిసెంబరు 1 నుండి కొంతయు, 2023 మార్చి 31 నుండి తక్కినదియు అమలులోనికి తెచ్చినది. ఇల్లు కాలిన తరువాత బావి త్రవ్వినట్లైనను త్రవ్విరి గదా యని సంతసింతము. కాని ఆ ప్రమాణము మోటారు వాహనముల నిమిత్తము వ్రాయబడినది. మోటారు వాహనమే కాదని చట్టము తోసివేసిన బండికి ఆ కవచము తనంతట తాను రాదు. అగ్నికి మాత్రము 250 వాట్టుల హద్దు తెలియునా?

ఇతర దేశముల యనుభవము మనకు దారి చూపగలదు. ఐరోపా సమాఖ్యయు మనవలెనే 250 వాట్టులు, 25 కిలోమీటర్లు అను గీతనే గీచి, అంతకు లోబడిన త్రొక్కుడు సైకిలును మోటారు బండ్ల శాసనమునుండి తప్పించినది. కాని తప్పించి వదలివేయలేదు. దానిని యంత్రముల శాసనము క్రిందికి తెచ్చి ప్రత్యేక ప్రమాణమును విధించినది. చైనా దేశమున 2019 ఏప్రిలులో అమలునకు వచ్చిన ప్రమాణము 25 కిలోమీటర్ల వేగమును, 55 కిలోగ్రాముల బరువును, 400 వాట్టుల శక్తిని హద్దులుగా నిర్ణయించినది. అయినను 2024 ఫిబ్రవరిలో నాన్జింగు నగరమున ఒక నివాసభవనము క్రింద నుంచిన విద్యుత్ సైకిళ్లనుండి లేచిన మంటలకు 15 మంది బలియైరి. ఆ సంవత్సరమే ప్రమాణమును మరింత కఠినము గావించిరి. న్యూయార్కు నగరము 2023 సెప్టెంబరు నుండి పరీక్షలో నెగ్గని బ్యాటరీని, సైకిలును అమ్మరాదని శాసించినది. ఈ మూడు చోట్లను కనబడు నీతి యొక్కటే: లైసెన్సునుండి మినహాయింపు వేరు, రక్షణనుండి మినహాయింపు వేరు. మొదటిది ప్రజలకు మేలు; రెండవది ప్రజలకు ద్రోహము.

ఇట్లు పరీక్షలు పెంచినచో వెల పెరిగి పేదవానికి బండి అందకుండపోవునని కొందరందురు. ఆ వాదము త్రోసివేయదగినది కాదు. అందుచేతనే పరీక్ష వ్యయమును కొనువానిపై మోపక ప్రభుత్వమే సాయపడవలయునని మేము చెప్పుచున్నాము. వేలకోట్లు వేగపు స్కూటర్లకు వెచ్చించిన దేశమునకు సైకిలు పరీక్షకు కొంత వెచ్చించుట యసాధ్యమా? ఢిల్లీ ప్రభుత్వము 2022లో మొదటి పదివేల విద్యుత్ సైకిళ్లకు 5,500 రూపాయల వంతున సాయము ప్రకటించినది. మార్గము లేకపోలేదు.

కాబట్టి చేయవలసినవి ఇవి. పరీక్షా సంస్థ ధ్రువపత్రపు సంఖ్యను, మోటారు శక్తిని, పరమవేగమును తెలుగులో చెక్కిన రేకు ప్రతి బండికిని తాపవలయును. ఆ వివరములే రశీదుపై నుండవలయును. రవాణాశాఖవారు రహదారిపై పేదవానిని ఆపుటకు ముందు కొట్టులోనికి పోయి బండి వేగమును కొలువవలయును. చిన్న బ్యాటరీకిని పెద్ద బ్యాటరీకిని అగ్నిపరీక్ష యొక్కటే కావలయును. విడి బ్యాటరీపై పన్నును బండితో సమానముగ 5కు తగ్గింపవలయును. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమములు పాత బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యతను ఉత్పత్తిదారునిపై నుంచినవి. ఆ నియమము భోగాపురపు కొట్టు గడప వరకు వచ్చినప్పుడే దానికి సార్థకత. దేహళీదీపమువలె గడపయందు పెట్టిన పరీక్ష లోపలి కొనువానికిని, వెలుపలి పాదచారికిని వెలుగునిచ్చును.

కొనువారికిని ఒక మనవి. ధ్రువపత్రము చూపుమని నిర్భయముగ నడుగుడు. తీగె విప్పెదనన్నవాని కొట్టు వెంటనే దిగిపొండు. రశీదును దాచుకొనుడు, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము లోపభూయిష్టమైన సరకు వలని హానికి తయారీదారుని, అమ్మకందారుని గూడ బాధ్యులను చేసినది. ఐదు లక్షల రూపాయల లోపు వెలగల సరకుపై జిల్లా కమీషనునందు ఫిర్యాదుకు రుసుము లేదు. చట్టము తొడుగుమని చెప్పకున్నను తలకు హెల్మెట్టు తొడుగుడు. నిద్రించు గదిలో బ్యాటరీకి చార్జి పెట్టకుడు.

విమానమెక్కువాని ప్రాణమునకు ఎంత విలువయో, చేపలగంప వెనుక కట్టుకొని ముక్కామునుండి బయలుదేరు స్త్రీ ప్రాణమునకును అంతే విలువ. మొదటిదానిని కాపాడుటకు వేయికన్నులతో కాచుకొను ప్రభుత్వము, రెండవదానిని కాపాడుటకు ఒక్క కన్నైనను తెరచునని ఆశించుచున్నాము.